ఏడో స్థాయి

మార్చి 4, సోమవారం

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు ఆస్పత్రిలో ఊరికే పంచింది. ప్రతి పేజీ అడుగున మలబద్ధకం గురించి ఒక సలహా ఉంది. ఈ రోజు సలహా, నీళ్ళు ఎక్కువగా తాగమని. తాగాను. కోపం మాత్రం లోపల ఎక్కడిదక్కడే ఉంది.

మా ఆయన నిచ్చెన మీదినుంచి పడ్డాడు. పడి చాలా రోజులైంది. నాకు ఈ రోజు తెలిసింది, అదీ మందుల కౌంటర్ ఆవిడ "మీవారి చెయ్యి ఎలా ఉంది మేడం?" అని అడిగితే. బెణుకేగా, తగ్గిపోతుంది అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఇద్దరం పనిచేసేది ఒకే ఆస్పత్రిలో. ఆయన కింద కరెంటు సెక్షన్‌లో, నేను మూడో అంతస్తులో నెట్‌వర్క్ గదిలో. మణికట్టు ఎముక చిట్లిందట. ఇంట్లో ఆ పట్టీ చూసి అడిగితే "బెణికింది" అన్నాడు మహానుభావుడు.

సాయంత్రం నిలదీశాను.

"పడ్డారట కదా?"

"ఆఁ."

"నాతో చెప్పలేదేం?"

"ఏముంది చెప్పడానికి?"

అంతే. బెల్లం కొట్టిన రాయి. పడకగది తలుపు వేసుకున్నాను. ఆయన హాల్లో సోఫా మీద సర్దుకున్నాడు. సోఫా ఆయన కంటే మూరెడు పొట్టి. నాకేం జాలి లేదు.

ఆఫీసు సంగతీ రాయాలి. రక్తపరీక్షల ల్యాబులో ఒక కంప్యూటర్ మధ్యమధ్యలో నెట్‌వర్క్ నుంచి ఊడిపోయి, కాసేపటికి మళ్ళీ తగులుకుంటోంది. ల్యాబ్ డాక్టరమ్మ వెళ్ళి సూపరింటెండెంట్ గారి దగ్గర కూర్చుంది. ఆయన నన్ను పిలిచి, "నాకు కారణం కావాలమ్మా, కథలొద్దు" అన్నారు.

మార్చి 5, మంగళవారం

పొద్దున ఆయన "వెళ్ళొస్తా" అన్నాడు. నాకు వినపడలేదు.

మార్చి 6, బుధవారం

మా గదిలో అద్దాల బీరువాలో ఒక పెద్ద నెట్‌వర్క్ స్విచ్ ఉంది. ఓపీ చీటీ నుంచి శవం అప్పగించే కాగితం దాకా ఈ ఆస్పత్రిలో ప్రతిదీ దాని గుండానే పోతుంది. దానికి ఏం జరిగినా లాగ్ అనే చిట్టాలో రాసిపెడుతుంది, రాయమని మనం చెబితే. ఎంతవరకు రాయాలో ఒక అంకె ఇవ్వాలి. సున్నా అంటే కొంప మునిగినప్పుడు మాత్రమే. మూడు అంటే తప్పులు, నాలుగు అంటే హెచ్చరికలు కూడా. అలా పెరుగుతూ ఏడు దాకా పోతుంది. ఏడు పెడితే దగ్గినా తుమ్మినా రాస్తుంది.

మనుషుల్లో మైకు వదినది ఏడో స్థాయి. వదిన అంటే మా ఆయన అక్క. నోట్లో నువ్వుగింజ నానదు. కూర మాడిందనీ, పక్కింటి కోడలు మొహం మాడ్చుకుందనీ, రెండూ ఒకే గొంతుతో చెబుతుంది. అదే తల్లి కడుపున పుట్టిన ఈయనకి సున్నా కూడా పనిచేయదు. కొంప మునిగాక నాకు మందుల కౌంటర్ నుంచి తెలియాలి.

స్విచ్‌కి మొదట ఐదు పెట్టాను. ల్యాబు వైపు పోర్టు ఒకటి ఊడింది, తగులుకుంది, మళ్ళీ ఊడింది అని నాలుగు లైన్లు రాసి ఊరుకుంది. నాలుగు లైన్లతో నేనేం చేసుకోను? ఎందుకు ఊడింది, అప్పుడు ఎవరెక్కడున్నారు, మొత్తం కావాలి. ఏడు పెట్టాను. పైగా పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చి స్విచ్ వెనక కన్సోల్ సాకెట్‌కి తగిలించాను, ప్రతి లైనూ లాగ్ దాచే సర్వర్‌కి పోవడమే కాక దాని తెరమీద కూడా పడేటట్టు. కరెంటు పోయి వచ్చినా ఈ ఏర్పాటు చెరిగిపోకుండా సేవ్ చేశాను.

కుర్చీ వేసుకుని చాలాసేపు చూశాను. ఎవరి ఫోను వైఫైలోకి వచ్చింది, ఏ వార్డు ప్రింటర్ నిద్రలేచింది, అన్నీ గలగలా వచ్చిపడుతున్నాయి. ఒక్కటి కూడా నేను నిలదీసి అడగలేదు. ప్రాణం హాయిగా ఉంది.

మార్చి 8, శుక్రవారం

ఆస్పత్రి మొత్తం పడిపోయింది.

ఓపీ కిటకిటలాడుతున్న వేళ. టోకెన్ల బోర్డు ఆగింది, మందుల కౌంటర్ ఆగింది. సూపరింటెండెంట్ గారు పైవాళ్ళతో వీడియో మీటింగ్‌లో ఉన్నారు, ఆవలిస్తూ దొరికిపోయి అలాగే బిగుసుకుపోయారట. ఆవలింత అటువైపు అందరికీ చాలాసేపు కనిపించిందట. నేను మెట్లెక్కి పైకి వచ్చేసరికి స్విచ్ తనంతట తానే మళ్ళీ లేచి కూర్చుంది.

లాగ్ చూశాను. ఎప్పటి వాగుడే నడుస్తోంది, హఠాత్తుగా ఏమీ లేదు, ఆ తర్వాత ఒకే లైను. సిస్టం తిరిగి మొదలైంది, అని. మధ్యలో ఏం జరిగిందో చెప్పలేదు. ఏడు పెట్టినా చెప్పకపోతే ఇంకేం పెట్టాలి?

వదిన ఫోన్. "ఏంటమ్మాయ్, వాడు సోఫా మీద పడుకుంటున్నాడట?"

ఆవిడకి మాత్రం చెప్పాడు.

మార్చి 11, సోమవారం

మళ్ళీ పడింది, మళ్ళీ ఓపీ వేళకే. లాగ్‌లో అదే ఖాళీ, అదే లైను.

కూర్చుని ఆలోచించాను. మెషిన్ తిరిగి మొదలైందంటే, అంతకు ముందు దానికి కరెంటు పోయిందన్నమాట. ఓపీ వేళకి ఆస్పత్రిలో ఏసీలూ స్కానింగులూ అన్నీ ఒకేసారి నడుస్తాయి, లోడు ఎక్కువ. లోడు తట్టుకోలేక కరెంటు తడబడుతోంది. తడబాటుకి ఎర్తింగ్ సరిగా లేకపోవడం ఒక కారణం. ఎర్తింగ్ చూసుకోవలసింది కరెంటు సెక్షన్. పొద్దుటి డ్యూటీ ఎవరిదో నేను రాయడం లేదు. నాకు మనుషులతో పనిలేదు, కారణంతోనే పని.

మార్చి 12, మంగళవారం

సూపరింటెండెంట్ గారికి రిపోర్టు ఇచ్చాను. లాగ్ కాగితాలు జతచేశాను. దొంతర చూసే ఆయన భయపడ్డారు, చదవలేదు.

"అంటే కరెంటు వాళ్ళదేనంటావ్?"

"లాగ్ అలా చెబుతోంది సార్."

"ఈ నెలాఖరుకి కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్లని పర్మనెంట్ చేసే జాబితా పైకి వెళ్ళాలి. అందులో మీవారి పేరుంది, తెలుసు కదా?"

తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్న జాబితా అది. ఏటా కాంట్రాక్టరు దయ కోసం చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. మా ఆయన మాటల్లో చెప్పలేదు గాని, జాబితాలో పేరొచ్చిన రోజు చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు.

"రిపోర్టు మారుస్తావా?" అని అడిగారు.

ఉన్నది ఉన్నట్టు రాశానని చెప్పాను. ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదు.

మార్చి 13, బుధవారం

వ్యక్తిగతం ఏమీ లేదు. నిచ్చెనకీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 15, శుక్రవారం

నిన్నా పడింది, ఈ రోజూ పడింది. ల్యాబ్ డాక్టరమ్మ కారిడార్‌లో ఎదురై, "ఇదివరకు మా ఒక్కళ్ళకే పోయేది, ఇప్పుడు అందరికీ పోతోంది. నువ్వు బాగుచేయడం మొదలుపెట్టాక ఇంకా బాగుందమ్మా" అంది. ఆవిడ పనే రక్తం తాగడం.

ఇంటికొచ్చాక ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ "వెళ్ళొస్తా" తర్వాత తనంతట తాను నోరు తెరవడం ఇదే మొదలు.

"యూపీఎస్ చూశాను. దాంట్లో ఏం తేడా కనబడట్లేదు."

"యూపీఎస్‌కి కనబడనంత చిన్న తడబాటు అయ్యుంటుంది."

"అంత చిన్నదానికి నీ స్విచ్ ఆగిపోతుందా?"

"లాగ్‌లో ఉంది. కావాలంటే చూడండి."

"నాకేం అర్థమవుతుంది అది" అన్నాడు. "ఎర్తింగ్ అంటావా?"

"అదే అయ్యుండాలి."

తల ఊపి వెళ్ళిపోయాడు. వాదిస్తాడనుకుని గట్టి జవాబులు సిద్ధం చేసుకున్నాను. అన్నీ అలాగే మిగిలిపోయాయి.

మార్చి 17, ఆదివారం

మరిచిపోయిన ఛార్జర్ కోసం ఆస్పత్రికి వెళ్ళాను. జనరేటర్ షెడ్డు వెనక ఆయన గొయ్యి తవ్వుతున్నాడు. కొత్త ఎర్తింగ్ గొయ్యి. నిలువెత్తు తవ్వి, రాగి పలక దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పోసి నీళ్ళు పట్టాలి. మనుషుల్ని పెట్టించుకోవచ్చు, కాని సెలవు రోజు ఎవరొస్తారు? పట్టీ ఉన్న చెయ్యిని పొట్టకి ఆనించుకుని, గడ్డపారని ఒంటిచేత్తో ఎత్తి వేస్తున్నాడు. ఎండ మాడిపోతోంది.

కిటికీలోంచి చూశాను. కిందికి వెళ్ళలేదు. ఆయన పని ఆయనది.

ఈ రోజు స్విచ్ ఒక్కసారి కూడా ఆగలేదు. చూశారా, ఎర్తింగే. ఆదివారం ఓపీ ఉండదు, అది వేరే విషయం.

మార్చి 18, సోమవారం

గొయ్యి పూర్తయింది. ఓపీ మొదలైంది. స్విచ్ పడిపోయింది.

రెండో రిపోర్టు ఇచ్చాను. "ఎర్తింగ్ ఇంకా సరిపోలేదు" అని రాశాను. రాసేటప్పుడు చెయ్యి కాస్త బరువుగా అనిపించింది. సరిగా తినలేదు, అందుకే.

మార్చి 20, బుధవారం

సూపరింటెండెంట్ గారు పిలిచారు. బల్లమీద నా రెండు రిపోర్టులూ, వాటి మీద మూడో కాగితం.

"మీ ఇంట్లో సమస్య తీరిపోయిందమ్మా. మీవారు ఒప్పుకున్నారు" అని కాగితం నావైపు తిప్పారు.

మా ఆయన దస్తూరీ. కరెంటు సరఫరాలో లోపం తన డ్యూటీలో జరిగినదేనని, బాధ్యత తనదేనని. కింద సంతకం.

"ఏం లోపమని అడిగాను. తనకి దొరకలేదన్నాడు. దొరక్కుండానే ఎలా ఒప్పుకుంటావయ్యా అంటే ఏమన్నాడో తెలుసా? 'మా ఆవిడ చూసి రాసింది సార్. ఆవిడ రాసిందంటే అది ఉన్నట్టే. నాకే కనబడట్లేదు' అన్నాడు." సూపరింటెండెంట్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచివాడే. కానీ ఈసారికి జాబితాలో పేరు తీసేస్తున్నాను. శుక్రవారం కమిటీ."

బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. ఎవరో పేషెంటు తాలూకు మనిషి, నాకెవరో పోయారనుకుని, మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళాడు.

మార్చి 21, గురువారం

నేను చచ్చినా మరిచిపోలేని రోజు.

కమిటీకి రిపోర్టు ఇంకాస్త గట్టిగా ఉండాలని, చివరిసారి స్విచ్ ఎప్పుడు మొదలైందో దాన్నే అడిగాను. చిన్న ఆదేశం. మా వృత్తిలో అడుగుపెట్టిన వాళ్ళకి మొదట నేర్పేది అదే. ఎప్పుడు మొదలైందో చెప్పి, దాని పక్కనే ఎందుకు మొదలైందో కూడా చెబుతుంది. కరెంటు పోతే కరెంటు అని రాస్తుంది. కరెంటు అని రాసి లేదు. పని భారంతో ఉక్కిరిబిక్కిరై బిగుసుకుపోయిందట, తనని తానే ఆపుకుని మళ్ళీ మొదలుపెట్టుకుందట. అంతకు ముందుసారి కూడా అదేనా అని సర్వర్లో వెతికాను. అదే.

ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా దాన్ని "ఎందుకు?" అని అడగలేదు నేను. తెలుసనుకున్నాను.

ఏ పని భారం? నేను పెట్టిందే. కన్సోల్ తీగ చాలా నెమ్మది, దాంట్లోంచి అక్షరాలు చుక్కలు చుక్కలుగా పోతాయి. ఒక లైను పూర్తిగా పోయేదాకా స్విచ్ చేతిలో పని ఆపి నిలబడుతుంది. ఓపీ వేళకి వందల ఫోన్లు లోపలికొస్తే, ఒక్కోదానికి నాలుగేసి లైన్లు. అవన్నీ నాకు చెప్పడంలోనే దానికి ఊపిరాడలేదు. రద్దీ స్విచ్ మీద ఏడో స్థాయిని కన్సోల్‌కి వదలొద్దని మాన్యువల్‌లో ఉంది. కిందటేడు శిక్షణలో ఆ వాక్యం బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసింది నేనే.

కన్సోల్ ఏడు తీసేశాను. ఓపీ మొత్తం గడిచింది, స్విచ్ పడలేదు.

ల్యాబు సంగతి కూడా తేలిపోయింది. మొదటి రోజు వచ్చిన నాలుగు లైన్లలోనే ఉంది. ఆ పోర్టు తాలూకు కేబుల్ ల్యాబులో ఫ్రిజ్ వెనక నలిగి ఉంది. ఫ్రిజ్ తలుపు గట్టిగా వేసినప్పుడల్లా ఊడుతోంది. మార్చడానికి టీ తాగినంత సేపు పట్టింది. డాక్టరమ్మ ముక్కున వేలేసుకుంది.

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడు ఆలోచిస్తున్నాను, ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అని. స్విచ్ బాగానే ఉంటుంది. ఎర్తింగ్ ఇప్పటికి పట్టిందంటారు. లాగ్ చదవగలిగింది ఈ ఆస్పత్రిలో నేనొక్కదాన్నే. జాబితా వచ్చే ఏడు కూడా ఉంటుంది. పర్మనెంట్ కాకపోయినా ఇన్నాళ్ళూ బతకలేదా?

ఇలా రాయగలిగాను, అదీ నా చేత్తో. సిగ్గుగా ఉంది.

హాల్లో ఆయన సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఎర్తింగ్ మీద ఏదో పాత పుస్తకం చదువుతున్నాడు. ఏ పేజీలో తన తప్పుందా అని వెతుకుతున్నాడు.

మార్చి 22, శుక్రవారం

కమిటీలో చెప్పేశాను. మా ఆయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ముందు ఆయనకి చెబుదామని పొద్దున గుమ్మం దాకా వెళ్ళి నీళ్ళు నమిలాను. అందుకని అందరితో పాటే విన్నాడు. కరెంటు తప్పు లేదని, మొదటి నుంచీ నేను పెట్టిన ఏర్పాటే స్విచ్‌ని పడగొట్టిందని, కారణం చూపించే కాగితం ఇదేనని చెప్పాను. ఈసారి ఒక్క కాగితమే, సూపరింటెండెంట్ గారు చదివారు.

"అంటే ఆస్పత్రిని పడగొట్టింది నువ్వేనా?"

"అవును సార్."

"నాకు ఆవలింత వచ్చిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా సార్."

కమిటీలో ఒకాయన దగ్గు తెచ్చుకున్నాడు. మా ఆయన పేరు జాబితాలోకి మళ్ళీ చేర్చారు. నాకు మెమో ఇస్తామన్నారు.

గోడవైపు చూశాను. మా ఆయన లేడు.

ఇంటికొచ్చాక అరిచాడు. మా పెళ్ళయ్యాక మొదటిసారి, వీధి మొత్తం వినేలాగా.

"నా పని మీద నాకే అనుమానం తెప్పించావు. తెలుసా నీకు? ఒక్కో బ్రేకరూ విప్పి చూసుకున్నా. ఇన్నేళ్ళు చేసిన పని ఒక్కటీ సరిగ్గా చేశానో లేదో అని కూర్చుని ఏడ్చా ఆ షెడ్డులో. నీ మీద కోపంతో కాదు. నువ్వు తప్పు రాయవని నమ్మి."

"మీరు నాతో ఏదీ చెప్పరు కదా" అన్నాను. అనకూడదు. నోటికొచ్చేసింది.

"చెప్తే ఊరుకుంటావా? పడ్డానని చెప్తే ఏం చేసేదానివి?"

"కాంట్రాక్టరు దగ్గరికెళ్ళి దులిపేసేదాన్ని."

"అందుకే."

క్షమించమని అడిగాను. ఆయన నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు. సోఫా సంగతీ, నేను వినపడనట్టు నటించిన "వెళ్ళొస్తా" సంగతీ, అన్నీ వచ్చాయి. ఒక్కదానికీ అడ్డు చెప్పకుండా విన్నాను. మిగతావి ఇక్కడ రాయను.

మార్చి 25, సోమవారం

మెమోతో పాటు సూపరింటెండెంట్ గారి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట నెట్‌వర్క్ పరికరాల మీద నేను ఏ మార్పు చేయాలన్నా, ముందుగా కరెంటు సెక్షన్‌లో వివరించి సంతకం తీసుకోవాలి. ఆయనకి హాస్యం తెలియదనుకునేదాన్ని.

మొదటి కాగితం పట్టుకుని కిందికి వెళ్ళాను. కాలిన వైరు వాసన వేసే చిన్న గది. బల్లకి అటువైపు మా ఆయన. తోటి ఎలక్ట్రీషియన్లు నన్ను చూడగానే అందరికీ ఒకేసారి పని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయారు.

"కూర్చోండి మేడం" అన్నాడు. మొహంలో నవ్వు లేదు. సోఫా ఇంకా ఖాళీ కాలేదు.

కాగితం చదివాడు. "లాగ్ తగ్గిస్తున్నావా? ఎంతకి?"

"సర్వర్‌కి ఇంకా ఏడే పోతోంది. మూడు చేద్దామని. తప్పులు మాత్రమే."

"హెచ్చరికలు?"

"అవి నాలుగు. మూడు పెడితే రావు."

"అంటే తప్పు జరిగాకే తెలుస్తుంది."

"అవును."

పెన్ను బల్లమీద పెట్టాడు.

"పర్మనెంటుకి కంటి పరీక్ష ఉందట వచ్చే వారం" అన్నాడు. "కుడికన్ను కొంచెం మసకేస్తోంది. సన్న వైర్లయితే ఎరుపేదో గోధుమరంగేదో తేడా పట్టుకోలేకపోతున్నా. ఎవరికీ చెప్పలేదు."

కళ్ళ డాక్టర్ దగ్గరికి ఇప్పుడే పదండి అని, ఇన్నాళ్ళూ దాచి కరెంటు పని ఎలా చేశారని, నోటిదాకా వచ్చింది. మింగేశాను. కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాను.

"ఎప్పట్నుంచి?" అని మామూలుగా అడిగాను.

ఆయన కాగితం మీద మూడు కొట్టేసి నాలుగు వేశాడు, సంతకం పెట్టాడు, ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.